ఇత్వార్ నాష్తాలో ఆడోళ్లకు జాగా ఏదీ?

నాష్తా అనే లఫ్జ్ మనకు ఫారసీ నుంచి వచ్చింది. ఇరాన్‌లో ఇవాళ్టికీ డాక్టర్ రక్త పరీక్షకు ‘నాష్తా’గా రమ్మన్నాడంటే తిని రమ్మని కాదు, ఏమీ తినకుండా ఖాళీ కడుపుతో రమ్మని. నహారీ సంగతీ అంతే. అరబ్బీలో ‘నహార్’ అంటే పగలు. మన ఇళ్లల్లో ‘నిహార్ మూఁ’ అంటే పొద్దున లేచాక ఇంకా ఏమీ పడని నోరు. మన బుజుర్గులు ఆకలి పేరు తీసి అన్నానికి పెట్టారు.

ఆకలికి ఆడా మగా ఫరక్ లేదు. కానీ ఆకలి పేరు పెట్టుకున్న ఈ ఖానా బజార్లో దొరికే చోట మాత్రం పెద్ద ఫరక్ ఉంది. ఇవాళ దాని గురించే రాస్తున్నా.

నల్లగొండ అయినా, మహబూబ్‌నగర్ అయినా ఇత్వార్ పొద్దుగాల ఒకటే తీరు. ఫజర్ నమాజ్ అయ్యేసరికి హోటల్ షట్టర్ సగం లేచి ఉంటుంది. రాత్రంతా సన్న మంట మీద ఉడికిన పాయా దేగ్ మూత తీస్తారు. మసూర్ పప్పు వేసి వండిన పచ్చటి ఖిచిడీ, పక్కన ఖీమా, నువ్వులూ చింతపండూ కలిపిన ఖట్టా, ఒక పాపడ్. కొన్నిచోట్ల నహారీ, జబాన్. వాటిలోకి కుల్చా, లేదంటే తందూరీ రోటీ. మనవి మెట్ట జిల్లాలు కదా, పాయా షోర్వాలో జొన్నరొట్టె తుంచి వేసుకునేవాళ్లకూ కమ్మీ లేదు. పదకొండు కొట్టేసరికి దేగ్ అడుగు కనిపిస్తుంది. ఎనిమిదికి తిన్నోడికి అది నాష్తా, పదిన్నరకు తిన్నోడికి పగటి ఖానా. మళ్లీ సాయంత్రం దాకా ఆకలి ఊసుండదు.

పట్నంలో స్టార్ హోటళ్లు దీన్నే ‘సండే బ్రంచ్’ అని వేల రూపాయలకు అమ్ముతున్నాయి. ఆ మాటకు పెద్ద వయసేం లేదు. 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లీషు రచయిత ‘హంటర్స్ వీక్లీ’ అనే పత్రికలో ఒక వ్యాసం రాసి, ఆదివారం పూట నాష్తానూ పగటి భోజనాన్నీ కలిపేద్దాం అని వకాల్తా పుచ్చుకున్నాడు. శనివారం రాత్రి ఆలస్యంగా పడుకున్నవాళ్లకు పొద్దున్నే లేచే తక్లీఫ్ ఉండొద్దని ఆయన ఫికర్. మన హోటల్ సేఠ్‌లు ఆ వ్యాసం చదవలేదు. చదవకుండానే అదే పని చేశారు, కాకపోతే రాత్రి జల్సా చేసినవాళ్ల కోసం కాదు, రాత్రి పని చేసినవాళ్ల కోసం.

ఆ బెంచీల మీద కూర్చునేది ఎవరో చూడండి. నైట్ డ్యూటీ దిగిన ఆర్టీసీ డ్రైవర్, మార్కెట్లో బస్తాలు దించి వచ్చిన హమాలీ, ఫజర్ చదివి వచ్చిన ముసలాయన, సెలవు కాబట్టి తీరిగ్గా వచ్చిన గుమాస్తా, హాస్టల్ పిల్లలు, పండక్కి ఊరొచ్చిన పాలమూరు మజ్దూర్. ఈ పాలమూరు మజ్దూర్ దేశమంతా తిరిగి డ్యాములకూ కాలువలకూ మట్టి మోసినోడు. తన ఊళ్లో నలుగురితో సమానంగా కూర్చునే ఒకటో రెండో జాగాల్లో ఈ హోటల్ ఒకటి. ‘బడే కా’ వండే చోటైతే ప్లేటు సస్తా కాబట్టి మాదిగ అన్నా, ముస్లిం భాయీ ఒకే బల్ల మీద ఒకే ఖట్టా గిన్నె పంచుకుంటారు. ‘జర సర్‌కో భాయ్’ అంటే చాలు, కులం అడగకుండా జరిగే జాగా ఇది. మన ఊళ్లల్లో ఇట్లాంటి దస్తర్‌ఖాన్‌లు ఎన్ని ఉన్నాయి? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

విలేకరిగా నా సగం వార్తలు ఆ బెంచీల మీదే దొరికాయి. ఏ వార్డులో ఎవరు నిలబడుతున్నారు, ఏ స్కూల్లో టీచర్ లేడు, ఏ బోరు ఎండిపోయింది, ఖబ్రస్తాన్ గోడ ఎవరు కూల్చారు, ఎవరి జమీన్ మీద ఎవరి కన్ను పడింది, అన్నీ అక్కడే తెలుస్తాయి. ఒక చేతిలో సియాసత్, ఒక చేతిలో తెలుగు పేపర్, మధ్యలో చాయ్. మొహల్లా మాట అక్కడే పుడుతుంది, అక్కడే ఫైసలా అవుతుంది.

ఆ మొహల్లా మాటలో సగం మొహల్లా లేదు. అమ్మీలు లేరు, ఆపాలు లేరు, ఖాలాలు లేరు. టీచర్ లేని స్కూలు గురించి ఎక్కువ తెలిసింది, రోజూ పిల్లల్ని పంపే అమ్మకు. ఎండిన బోరు గురించి ఎక్కువ తెలిసింది, బిందె మోసేదానికి. వాళ్లు ఆ బల్ల దగ్గర లేనందుకు వాళ్ల సవాళ్లు కూడా అక్కడ లేవు. ఇది ఒక్క పూట పాయా ముచ్చట కాదు.

వాళ్లకు నాష్తా అందడం లేదా అంటే, అందుతుంది. స్టీలు డబ్బాలో అందుతుంది. ఇత్వార్ పొద్దుగాల ఏ హోటల్ ముందైనా చూడండి, పదేళ్ల పిల్లగాడు డబ్బా పట్టుకుని నిలబడి ఉంటాడు. పాయా ఇంటికి పోయేసరికి షోర్వా మీద మీగడలా కొవ్వు పేరుకుంటుంది. దాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టాలి, గిన్నెల్లో పొయ్యాలి, అందరికీ వడ్డించాలి, తిన్న గిన్నెలు తోమాలి. బజార్లో కొన్న ఖానా కూడా ఆడదానికి పనే. పైగా సెలవు రోజు అంటే ఇంటిల్లిపాదీ ఇంట్లో ఉండే రోజు. ఆ రోజు బట్టల గట్టా పెద్దదే, బావర్చీఖానా పనీ ఎక్కువే.

ఇది నా ఖయాల్ ఒక్కటే కాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా టైమ్ యూజ్ సర్వే చేసింది. అప్పట్లో జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టేవాళ్లు. అదే పని చేసే మగవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్లే నూటికి 26 మంది. ఇత్వార్ అంటే ఆరామ్ అని మనం అనుకుంటున్నాం. ఎవరికి ఆరామ్ అని ఎప్పుడైనా అడిగామా?

‘వాళ్లకు వేరే జాగాలు ఉన్నాయి కదా భాయ్, ఫ్యామిలీ రెస్టారెంట్లు వచ్చాయి కదా’ అంటారు. వచ్చాయి. కానీ వాటి హిసాబ్ కూడా చూద్దాం. వెనకట చాలా హోటళ్లలో ఒక మూలకు పర్దా కట్టిన గది ఉండేది. ఆస్పత్రికి వచ్చిన జనానా, బస్సు కోసం చూసేవాళ్లు అందులో కూర్చుని చాయ్ తాగేవాళ్లు. ఇరుకు గదే, గాలి ఆడని గదే, కానీ ఒక జాగా. కిరాయిలు పెరిగేకొద్దీ నాకు తెలిసిన చాలా చోట్ల ఆ గది కూల్‌డ్రింకుల గోదాం అయింది. తర్వాత మెట్లెక్కితే ఏసీ ఫ్యామిలీ సెక్షన్ వచ్చింది. కింద ఒక రేటు, పైన ఒక రేటు. అది కూడా పగలు పన్నెండుకు గానీ తెరవరు. నాష్తా వేళకు ఆ మెట్ల మీద తాళమే ఉంటుంది.

ఇక ‘ఫ్యామిలీ’ అనే బోర్డు. దాని మతలబ్ ఏంటి? భర్త పక్కన ఉంటే ఫ్యామిలీ, లేకపోతే కాదు. బిడ్డను ఇంటర్ కాలేజీలో దింపి, ఒక్కతే వచ్చి చాయ్ అడిగిన తల్లి ఫ్యామిలీ కాదా? ఇద్దరు టీచరమ్మలు కలిసి వస్తే వాళ్లు ఏమవుతారు? అదే బోర్డు లుంగీ కట్టుకున్న మజ్దూర్‌ను కూడా గడప దగ్గరే ఆపేస్తుంది. కింది బెంచీ ఔరత్‌ను రానివ్వదు, పై ఏసీ గరీబును రానివ్వదు. గరీబు ఔరత్ సంగతి మరి? ఆమెకు కిందా లేదు, మీదా లేదు.

మండీ హోటళ్ల గురించి ఒక మంచి మాట చెప్పాలి. హైదరాబాద్‌లోని బార్కాస్, నిజాం ఫౌజ్‌లో పనిచేసిన యెమెన్ అరబ్బుల బస్తీ. బ్యారక్స్ అనే ఇంగ్లీషు మాటే నోళ్లలో నాని బార్కాస్ అయింది. ఆ బస్తీ నుంచి మండీ మన జిల్లాల దాకా పాకింది. పెద్ద తష్తరీలో అన్నం, మీద గోష్త్, చుట్టూ కింద కూర్చుని ఒకే పళ్లెంలో తినడం. మన ఊళ్లల్లో ఆడోళ్లు, మగోళ్లు, పిల్లలు కలిసి బయట తినడాన్ని మామూలు చేసింది ఈ మండీయే. బుర్ఖా వేసుకున్న అమ్మలూ, చీర కట్టుకున్న అమ్మలూ పక్కపక్క క్యాబిన్లలో తింటుంటే ఎవరి దీన్‌కూ నుఖ్సాన్ కాలేదు. కానీ మండీ దావత్ లెక్క. పుట్టినరోజుకో, జీతం వచ్చిన రోజుకో పోతాం. ఒక పళ్లెం పైసలకు నాష్తా హోటల్లో ఇంటిల్లిపాదీ తినొచ్చు. వారం వారం కావాల్సింది ఆ సస్తా జాగా.

ఈ సవాల్ ఇప్పుడే ఎందుకు అంటే, ఆడోళ్లు ఇప్పుడు రోడ్డు మీద ఉన్నారు కాబట్టి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు టికెట్ లేదు. దేవరకొండ నుంచి, మునుగోడు నుంచి, జడ్చర్ల నుంచి, దేవరకద్ర నుంచి జిల్లా కేంద్రానికి వస్తున్నారు. ఆస్పత్రికి, కోర్టుకు, దర్గాకు, కలెక్టరేట్‌కు, బిడ్డ ఇంటికి. పొద్దున ఐదింటికి బస్సెక్కినామె ఎనిమిదింటికి బస్టాండ్‌లో దిగుతుంది. నిహార్ మూఁ. బస్సు ఫ్రీ చేసిన సర్కార్‌కు షుక్రియా. దిగినాక ఆమె ఎక్కడ కూర్చుని రెండు ముద్దలు తినాలి? కలెక్టరేట్లలో మహిళా సంఘాలు నడిపే ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు వచ్చాయి, సంతోషం. కానీ ఆఫీసులకు సెలవైన ఇత్వార్ నాడు ఆమెకు ఆసరా ఏది? బస్టాండ్ బెంచీ మీద బిస్కెట్ పుడా విప్పుకుంటుంది. ఎదురుగా రోడ్డవతల ఖిచిడీ పొగలు.

నన్ను ఎక్కువగా కొరికే సంగతి ఇంకొకటి ఉంది. మన పట్నాల్లో సాయంత్రం అయితే రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసేది ఎవరు? ఆడోళ్లే. దావత్‌లలో గంపల కొద్దీ ఉల్లిగడ్డ కోసేది, అల్లం వెల్లుల్లి నూరేది ఎవరు? ఆడోళ్లే. చాలా హోటళ్ల వెనక గిన్నెలు తోమేదీ ఆడోళ్లే. వెయ్యి మంది చూస్తుండగా రోడ్డు మీద కూర్చుని రొట్టె కొడితే ఎవరికీ షరమ్ అనిపించదు. అదే ఆమె ఒక ప్లేటు ముందేసుకుని కుర్చీలో కూర్చుంటేనే అందరికీ షరమ్ గుర్తొస్తుంది. వండే చోట కనబడొచ్చు, తినే చోట కనబడొద్దా? ఇది పర్దా కాదు, ఇది దౌలత్ పంపకం. మెహనత్ ఆమెది, ఆరామ్ మనది.

మా ఊళ్లో ఒక హోటల్ సేఠ్‌తో ఈ ముచ్చట తీస్తే ఆయన నవ్వాడు. ‘ఔరతాఁ హోటల్ మే బైఠే తో లోగాఁ క్యా బోలేంగే మియాఁ?’ అన్నాడు. లోకం ఏమంటుందో అని ఆయన భయం. ఆయన మంచి మనిషే. బాకీ తీర్చలేని ముసలోడికి కూడా ప్లేటు పెట్టే మనిషి. అందుకే ఆయన మాటకు జవాబు చెప్పాలి.

లోగాఁ అంటే ఎవరు సేఠ్ సాబ్? మీ గిరాకీలే కదా. వాళ్ల తల్లులు, చెల్లెళ్లే కదా రావాల్సింది. దీన్ అడ్డం వస్తుందా? హజ్‌లో కాబా చుట్టూ తవాఫ్ చేసేటప్పుడు మర్దులూ ఔరతులూ ఒకే చోట నడుస్తారు. అంత దూరం ఎందుకు? మన జహంగీర్ పీర్ దర్గా ఉంది, మొన్నటిదాకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండి ఇప్పుడు రంగారెడ్డిలో కలిసిన కొత్తూరు మండలంలో. మన జాన్‌పహాడ్ దర్గా ఉంది, పాత నల్లగొండ జిల్లాలో. అక్కడ కందూరు చేస్తారు. హిందువులూ చేస్తారు, ముసల్మానులూ చేస్తారు. చెట్టు కింద పొయ్యి, చాప మీద దస్తర్‌ఖాన్. అమ్మమ్మ నుంచి పసిగుడ్డు దాకా బయట, ఆకాశం కింద, నలుగురి ఎదుట కూర్చుని తింటారు. అప్పుడు ఎవడూ లోగాఁ క్యా బోలేంగే అనడు. పీర్ సాబ్ నీడలో ఉన్న రివాజ్ క్లాక్ టవర్ నీడలోకి వచ్చేసరికి ఎందుకు మారుతుంది?

‘ఆడోళ్లే రారు భాయ్, జాగా పెట్టినా రారు’ అని ఇంకొకరు అంటారు. అమెరికాలో డైనర్ అని పిలిచే చిన్న హోటళ్ల తారీఖ్ చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. అవి పుట్టింది మన నాష్తా హోటళ్ల లాగే, రాత్రి పని చేసే మజ్దూర్ల కోసం. 1872లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ ఊళ్లో వాల్టర్ స్కాట్ అనే ఆయన గుర్రపు బండి మీద రాత్రిపూట ఖానా అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత బండి కాస్తా హోటల్ అయింది. లోపల ఎత్తు స్టూళ్లు, పొగ, మగోళ్ల గోల. ఆడోళ్లు గడప తొక్కేవాళ్లు కాదు. 1920ల్లో ఓనర్లు ఏం చేశారు? స్టూళ్లతో పాటు కూర్చునే బల్లలు వేశారు, పూల కుండీలు పెట్టారు, ‘లేడీస్ ఇన్‌వైటెడ్’ అని బోర్డు రాశారు. ఆడవాళ్లు మెల్లగా వచ్చారు. ఇవాళ అదే డైనర్‌లో ఆదివారం పొద్దున తాత నుంచి మనవరాలి దాకా కూర్చుని గుడ్లూ ప్యాన్‌కేకులూ తింటున్నారు. రివాజ్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒక బోర్డు రాశారు, ఒక బల్ల వేశారు.

మన భాష మాట్లాడే ఊళ్లకు వద్దాం. 2015లో కరాచీలో కొందరు యువతులు రోడ్డు పక్క ఢాబాల్లో కూర్చుని చాయ్ తాగి ఫొటోలు పెట్టారు. ‘గర్ల్స్ ఎట్ ఢాబాస్’ అని అది చాలా ఊళ్లకు పాకింది. మన దేశంలో శిల్ప ఫడ్కే, సమీరా ఖాన్, శిల్ప రానడే అనే ముగ్గురు కలిసి ముంబై మీద ‘వై లాయిటర్?’ అనే పుస్తకం తెచ్చారు, 2011లో. పని లేకుండా కూడా బజార్లో నిలబడే హక్ ఆడోళ్లకు ఉందన్నదే వాళ్ల వాదన. ఆ హక్ మగోడికి పుట్టుకతో ఉంది. అరకప్పు చాయ్ మీద రెండు గంటలు కూర్చుంటాం, ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు.

నేను అడిగేది కొండంత ఏం కాదు. ఏసీ వద్దు, అద్దాల తలుపు వద్దు. ఏసీ వస్తే రేటు పెరుగుతుంది, రేటు పెరిగితే హమాలీ పోతాడు. హమాలీని పంపించి ఆమెను కూర్చోబెట్టడం ఇన్సాఫ్ కాదు. కింది అంతస్తులోనే, రోడ్డు కనిపించే చోటే రెండు బల్లలు. అదే రేటు, అదే ప్లేటు. ఎవరికి పర్దా కావాలో వాళ్ల కోసం ఒక బల్లకు కర్టెన్, వద్దనుకున్నవాళ్లకు తెరిచిన బల్ల. నీళ్లు వచ్చే, లోపల గడియ పడే ఒక బాత్‌రూమ్. సిగరెట్ బయట. గల్లా దగ్గర తెలుగులో, ఉర్దూలో రాసిన బోర్డు: ‘ఔరతులకు ఖుష్ ఆమదీద్, ఒక్కరే వచ్చినా సరే’. ఖర్చు లెక్క వేసుకోండి సేఠ్ సాబ్. బాత్‌రూమ్ తప్ప మిగతా అంతా కలిపినా ఒక కొత్త దేగ్ ఖరీదు దాటదు. గిరాకీ మాత్రం రెండింతలు.

బల్ల వేయడం సేఠ్ వంతు. చూపులు సర్దుకోవడం మన వంతు. ఒక ఔరత్ లోపలికి రాగానే గ్లాసులు పట్టుకున్న చేతులన్నీ గాల్లో ఆగిపోతాయి, ముచ్చట బంద్ అయిపోతుంది. ఆ ఖామోషీ తాళం కంటే గట్టిది. నౌజవాన్ తమ్ముళ్లకు నా మాట ఒకటే: మీ ప్లేటు మీరు చూసుకోండి. ఆమె కూడా మీలాగే ఆకలైతే వచ్చింది.

వచ్చే ఇత్వార్ నాష్తాకు పోయినప్పుడు మీ సేఠ్‌ను ఒక్క మాట అడగండి: ‘భాయ్, మా అమ్మీని తోలుకొస్తా, ఎక్కడ కూర్చోబెడతావ్?’ ఒకరు అడిగితే నవ్వుతాడు. పది మంది అడిగితే గోదాం అయిన ఆ గదిలోంచి కూల్‌డ్రింకుల డబ్బాలు తీయిస్తాడు. ఆయన వ్యాపారి, లెక్క తెలిసిన మనిషి.